పరిశీలనలో ఉన్న మనుషులు

2020 ఫిబ్రవరిలో హైదరాబాదులో 127 మందికి నోటీసులు అందాయి. మీరు తప్పుడు పత్రాలు చూపి ఆధార్ సంపాదించినట్లు పోలీసులు నివేదించారు గనక, అసలు పత్రాలు తీసుకుని విచారణకు హాజరు కండి అని వాటి సారాంశం. నోటీసులు ఇచ్చింది ఆధార్ ప్రాధికార సంస్థ ప్రాంతీయ కార్యాలయం. పౌరసత్వం విచారించే అధికారం ఈ సంస్థకు ఎక్కడిదని గగ్గోలు లేచేసరికి సంస్థవారు ఒక వివరణ ప్రకటించారు. ఆధార్ పౌరసత్వ పత్రం కాదు అన్నారు. దరఖాస్తుకు ముందు మనిషి ఈ దేశంలో 182 రోజులు నివసించాడా లేదా అన్నదే మేము చూడవలసింది అన్నారు. అయితే అక్రమ వలసదారుకు ఇవ్వరాదని సుప్రీంకోర్టు ఆదేశం ఉన్నది అన్నారు. మొదటి రెండు మాటలూ తలుపు తీస్తాయి. మూడో మాట గడియ పెడుతుంది.

ఆధార్ చట్టం 2016 నాటిది. దాని మూడో సెక్షను, నివాసి అయిన ప్రతి మనిషికీ ఆధార్ నెంబరు పొందే హక్కు ఉన్నదంటుంది. తొమ్మిదో సెక్షను, ఆ నెంబరు పౌరసత్వానికి గాని స్థిరనివాసానికి గాని రుజువు కాదంటుంది. ఈ రెంటినీ కలిపి చదివినవాడికి తోచేదేమిటి? ఇది ఉనికికి గుర్తింపు, జాతీయతకు కాదు అని. కాని ఆచరణలో పౌరసత్వంతో నిమిత్తం లేని కార్డును పౌరసత్వం చూపలేదన్న నెపంతో గుంజుకుంటున్నారు. నోటీసు అందుకున్నవారిలో నేను ఇక్కడే పుట్టి పెరిగానన్న ఆటో డ్రైవరు కూడ ఉన్నాడు.

ఆ 127 మందిలో కొందరు దళారికి డబ్బు పోసి, దొంగ చిరునామాతో కార్డు కొనుక్కున్నారనే అనుకుందాం. కొనుక్కోవలసిన అవసరం ఎవరు కల్పించారన్నది నా ప్రశ్న.

బర్మా నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యా ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకుంటాడు. వారు అతనికొక కాగితం ఇస్తారు. ఇతని దరఖాస్తు పరిశీలనలో ఉన్నది అని ఆ కాగితం చెబుతుంది. తర్వాత ఇంటర్వ్యూలు జరిగి అతను చెప్పింది నిజమని తేలితే శరణార్థి కార్డు ఇస్తారు. ఈ మధ్యలో నెలలు గడవవచ్చు, సంవత్సరాలూ గడవవచ్చు. మన ప్రభుత్వం దృష్టిలో మాత్రం ఆ కాగితానికీ ఈ కార్డుకూ పెద్ద భేదం లేదు. రెండూ తాను ఇచ్చినవి కావు. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక మీద గాని, 1967 నాటి అనుబంధం మీద గాని ఇండియా సంతకం చేయలేదు. శరణార్థి ఎవరో చెప్పే చట్టం మనకు లేదు. ఉన్నది విదేశీయుల చట్టం. 1946లో తెల్లదొరలు పోతూ పోతూ చేసిపెట్టిన దాన్ని 2025 దాకా పదిలంగా వాడుకుని, దాని స్థానంలో మరొక చట్టం తెచ్చారు. నేను విదేశీయుణ్ణి కాను అని రుజువు చేసుకునే భారం పాత చట్టంలో మనిషి నెత్తినే ఉండేది, కొత్త చట్టంలోనూ అక్కడే ఉంది. శరణార్థి అనే మాటకు రెండింటిలోనూ నిర్వచనం లేదు.

దీని ఫలితం గమనించండి. పాస్‌పోర్టు లేకుండా ప్రవేశించినవాడు అక్రమ వలసదారు అని పౌరసత్వ చట్టం చెబుతుంది. ప్రాణభయంతో నది దాటి వచ్చినవాడికి పాస్‌పోర్టు ఉండదు. ఉంటే అతను శరణు కోరవలసిన అవసరమే చాలాసార్లు ఉండదు. కాబట్టి శరణార్థి కావడానికి ఏది కారణమో, నేరస్థుడు కావడానికీ అదే కారణం. అతను చెప్పింది నిజమా అబద్ధమా అని విచారించే సంస్థ ఒకటి. అతన్ని నిర్బంధించే అధికారం ఉన్నది ఇంకొకరికి. మొదటివారు పరిశీలిస్తూ ఉండగా రెండోవారు శిక్షించవచ్చు.

2011 డిసెంబరులో కేంద్ర హోంశాఖ ఒక పద్ధతి నిర్ణయించింది. శరణార్థినని చెప్పుకునేవారి మాట విచారించి, నిజమనిపిస్తే దీర్ఘకాల వీసా ఇవ్వవచ్చు, దానితో అతను ప్రైవేటు కొలువు చేసుకోవచ్చు, చదువుకోవచ్చు. చట్టం కాదు గాని, చట్టం లేనిచోట అదే కొంత నయం. రోహింగ్యాలలో కొద్దిమందికి ఆ వీసాలు దొరికాయి. 2017 ఆగస్టు 8న అదే హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసి, రోహింగ్యాలతో సహా అక్రమ వలసదారులను గుర్తించి పంపివేయమన్నది. ఆగస్టు 25 నుంచి బర్మా సైన్యం అరకాను గ్రామాలను తగలబెట్టింది. ఏడు లక్షలకు పైగా జనం బంగ్లాదేశుకు పారిపోయారు. పంపివేయమన్న ఉత్తర్వుకూ, పంపవలసిన చోట మంటలు లేచినదానికీ మధ్య మూడు వారాలు గూడ పూర్తిగా లేవు.

అసలీ జనం కాగితాల చేతనే నాశనమయ్యారు. బర్మాలో 1982 నాటి పౌరసత్వ చట్టం గుర్తించిన జాతుల జాబితాలో వారి పేరు లేదు. 1995 నుంచి వారికి తాత్కాలికంగా తెల్లకార్డులు ఇచ్చారు. 2015లో అవీ చెల్లవన్నారు. ఆ విధంగా కాగితం మీద నుంచి మనిషిని తుడిచిన తర్వాతనే నేల మీద నుంచి తుడవడం సాధ్యమయింది. అక్కడి నుంచి బతికి బయటపడినవాడు బాలాపూరు చేరి, అద్దెకు తీసుకున్న జాగాలో టార్పాలిన్ గుడిసె వేసుకుంటే, ఇక్కడి రాజ్యం అడిగే మొదటి ప్రశ్న: నీ కాగితాలేవి?

కాగితం లేకపోతే ఏమవుతుందో పట్టణంలో బతికే ప్రతివాడికీ తెలుసు. సిమ్ కార్డు రాదు. బ్యాంకు ఖాతా లేదు గనక కూలి చేతికే రావాలి, మేస్త్రీ ఇచ్చినంత. గ్యాసు బండ బ్లాకులోనే కొనాలి. ఇల్లు అద్దెకిచ్చేవాడు వణుకుతాడు. బడిలో పేరు ఎక్కాలంటే ఆధార్ ఏదంటారు. హైదరాబాదులోనే పుట్టిన బిడ్డకు జనన పత్రం దొరికినా, 2004 డిసెంబరు తర్వాత పుట్టి, తల్లిదండ్రులలో ఒక్కరు అక్రమ వలసదారు అయినా ఆ బిడ్డ ఈ దేశ పౌరుడు కాడు. బర్మావాడు ఎలాగూ కాదంటాడు. ఏ దేశమూ లేని పసిబిడ్డ! ఇంతా చేసి, వేలిముద్రలు మాత్రం తీసుకోవడం మానలేదు. రోహింగ్యాల వేలిముద్రలు సేకరించమని 2018లో కేంద్రమే రాష్ట్రాలకు చెప్పింది. వేలు అచ్చు వేయించుకోవడానికి పనికివచ్చే మనిషి, అదే వేలికి ఒక కార్డు ఇవ్వడానికి పనికిరాడన్నమాట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

గోరంట్లలో కూర్చున్నవాడికి బాలాపూరు గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. ఎందుకో చెబుతాను.

మాది చిత్రావతి ఒడ్డు. చిత్రావతిలో నీళ్ళు పారిన సంవత్సరం మావాళ్ళు చాలాకాలం చెప్పుకుంటారు. వేరుశనగ ఎండితే తట్టాబుట్టా సర్దుకుని బెంగుళూరు పోవడం మా అలవాటు. మరి ఒకప్పటి మా అనంతపురం జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. 2005 నాటి ఆ చట్టంలో పాలకవర్గాలకు గిట్టని చిన్న విషయం ఒకటి ఉండేది. పని కావాలని దరఖాస్తు పెట్టిన కూలీకి తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. ఆ తేదీ నుంచి 15 రోజులలో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. అంటే దరఖాస్తు పెండింగులో పడి ఉండటం దరఖాస్తుదారు తప్పు కాదు, సర్కారు తప్పు. ఆలస్యానికి ఖరీదు సర్కారే చెల్లించాలి. ఆ రసీదు ఇవ్వకుండా ఎగవేయడం ఎంత మామూలుగా జరిగేదో కూలీ సంఘాలలో పనిచేసినవారిని అడగండి. నోటితో అడుగు, కాగితం ఎందుకు అనేవారు. ఎందుకంటే తేదీ పడితే గడువు మొదలవుతుంది. గడువు మొదలైతే బాధ్యత మొదలవుతుంది. శరణార్థి విషయంలో మన రాజ్యం చేస్తున్నది ఈ ఎగవేతనే. రసీదు ఇస్తే, ఈ మనిషి నన్ను శరణు అడిగాడు, నేనింకా జవాబు చెప్పలేదు అని ఒప్పుకున్నట్లవుతుంది.

మా మండలంలోనే పాలసముద్రం దగ్గర 500 ఎకరాలలో కస్టమ్స్ అధికారుల జాతీయ శిక్షణ సంస్థ కట్టారు. 2024 జనవరి 16న ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించాడు. సరుకు మీద సుంకం ఎలా వేయాలో అక్కడ నేర్పుతారు. ఆ శాస్త్రం ప్రకారం ఓడరేవులో దిగిన సరుకు సుంకం తేలేవరకు బాండెడ్ గోదాములో ఉండవచ్చు. దానికొక పత్రం, ఒక నెంబరు, ఒక గడువు, అధికారి నిర్ణయం నచ్చకపోతే అప్పీలు ఉంటాయి. లోపలికి రానివ్వాలా వద్దా అన్నది తేలలేదని చెప్పి ఎవరూ ఆ పెట్టెను లేదనరు. పెట్టుబడిదారీ రాజ్యానికి తేలని సరుకును ఏం చెయ్యాలో బాగా తెలుసు. తేలని మనిషిని ఏం చెయ్యాలో నేర్చుకోలేదు.

నేర్చుకోలేదంటే అదీ పూర్తిగా నిజం కాదు. 1959 తర్వాత వచ్చిన టిబెటన్లకు భారత ప్రభుత్వం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు ఇచ్చింది, విదేశ ప్రయాణానికి గుర్తింపు పుస్తకాలు ఇచ్చింది, మా పక్క రాష్ట్రంలో బైలకుప్పె దగ్గర భూములిచ్చి ఊళ్ళే కట్టించింది. మంచిపని. సింహళం నుంచి వచ్చిన తమిళులకు తమిళనాడు శిబిరాలలో కార్డులున్నాయి, భృతి ఉన్నది. తూర్పు పాకిస్తాను కాందిశీకులను తెచ్చి కాగజ్‌నగర్ దగ్గర స్థిరపరచారు. బర్మా నుంచి వచ్చినవారిని ఎలా ఆదుకోవాలో కూడ ఈ రాజ్యానికి తెలుసు. 1962లో నెవిన్ అధికారానికి వచ్చి అంగళ్ళు జాతీయం చేసి, భారతీయులను తరిమేశాడు. రంగూను తెలుగువాళ్ళు ఓడలెక్కి విశాఖపట్నంలో దిగారు. కంచరపాలెంలో బర్మాక్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. 1963 జూన్ 1 తర్వాత బర్మా నుంచి తిరిగివచ్చినవారికి వయోపరిమితిలో సడలింపు అని సర్కారు ఉద్యోగ ప్రకటనలలో దశాబ్దాల తరబడి అచ్చవుతూ వచ్చిన వాక్యం, పోటీ పరీక్షలు రాసిన మీలో చాలామందికి కంఠస్థమే. వాళ్ళు మనవాళ్ళు కదా అంటారు. అవును, మనవాళ్ళే. అయితే వారిలో చాలామంది బర్మాలో పుట్టినవారు, బర్మా కూడు తిన్నవారు. వారిని తరిమినవాడు చెప్పిన మాట కూడ ఇదే: మీరు ఇక్కడివారు కారు, మీ కాగితాలేవి? అదే రాజ్యం రెండు దశాబ్దాల తర్వాత అదే ప్రశ్న రోహింగ్యాను అడిగింది. మొదటి ప్రశ్నకు నొచ్చుకున్న మనం రెండో ప్రశ్నకు తల ఊపుతున్నాం.

మరి 2025 సెప్టెంబరులో కొత్త చట్టంతోబాటు వచ్చిన మినహాయింపు ఉత్తర్వు చూడండి. పాకిస్తాను, బంగ్లాదేశు, ఆఫ్ఘనిస్తానుల నుంచి 2024 డిసెంబరు 31 లోపల వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్శీలు, క్రైస్తవులకు పాస్‌పోర్టు లేకపోయినా శిక్ష లేదు. 2015 జనవరి 9 లోపల వచ్చి నమోదైన లంక తమిళులకూ లేదు. కాగితం లేకుండా వచ్చినవాడిని మన్నించడం అసాధ్యం కాదని దీనితో తేలిపోయింది. ఎవరిని మన్నించాలన్నదే ప్రశ్న. దానికి జవాబు మతాల జాబితాలో దొరుకుతున్నది. దేశభద్రత అనే మాట ఆ జాబితా మీద కప్పిన దుప్పటి.

భద్రత మాట తేలికగా కొట్టిపారేయను. మా మండలంలోని కల్లితండా యువసైనికుడొకడు 2025 మే నెలలో కాశ్మీరు సరిహద్దులో ప్రాణమిచ్చాడు. అతని పేరు చెప్పి రోహింగ్యా పిల్లవాడికి బడి తలుపు మూయడం ఆ చావుకు మర్యాద అనుకునేవారితో నాకు పేచీ. రాజ్యానికి నిజంగా భద్రతే కావాలంటే ఏం చెయ్యాలి? ఊళ్ళో ఎవరున్నారో, ఎక్కడున్నారో, ఏం పని చేస్తున్నారో తెలియాలి. తెలియాలంటే వాడు భయపడకుండా వచ్చి పేరు రాయించుకోవాలి. రాయించుకున్నవాడికి కాగితం ఇవ్వాలి. కార్డు ఇవ్వనంటే మనిషి మాయం కాడు, దళారి ఇంటికి పోతాడు. దళారి దగ్గర దొంగ పేరుతో కార్డు పుడుతుంది. ఆ కార్డు పట్టుకుని, చూశారా మోసగాళ్ళు అని ఎన్నికల సభలో ఊపుతారు. 2020 నవంబరులో హైదరాబాదు నగరపాలక ఎన్నికలలో, పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామని ఒక పార్టీ రాష్ట్ర నాయకుడు అరిచాడు. అటువంటి అరుపులకు దొంగకార్డు అవసరం. నిఖార్సయిన కార్డు ఉంటే అరిచేదేముంది?

ఇక కూలీల అభ్యంతరం. దీన్ని నేను ఎక్కువ గౌరవిస్తాను. నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు శంషాబాదు వైపు బేల్దారి పనిలో ఉన్నాడు. ఉగాదికి ఊరికి వచ్చినప్పుడు ఈ ప్రస్తావన వచ్చింది.

"వాళ్ళు మాకంటే తక్కువకే వస్తాండారు సార్. మేస్త్రీ ఇంగ మాకూ అంతే అంటాండాడు. వాళ్ళకు కార్డులు గూడా ఇస్తే మా గతేం గావల్ల?" అన్నాడు.

"మేస్త్రీ వాళ్ళ కూలి ఎగ్గొడితే ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఏం జేస్తారు సార్, నోరు మూసుకుంటారు. టేషనుకు పోతే వాళ్ళనే లోపలేస్తారు."

"నీ కూలి ఎగ్గొడితే?"

"నేనెందుకూరుకుంటా? లేబరాఫీసుకు పోతా. యూనియనోళ్ళుండారు గదా."

అతను ఇంకేమీ అనలేదు గాని, లెక్క అతని నోటనే తేలింది. వాళ్ళు ఎంత తక్కువకు వస్తున్నారో ఆ తక్కువే కాగితం ఖరీదు. అది రోహింగ్యా జేబులోకీ పోవడం లేదు, మా పిల్లవాడి జేబులోకీ రావడం లేదు. మేస్త్రీ దాటి కంట్రాక్టరు దాకా, కంట్రాక్టరు దాటి అపార్టుమెంట్లు కట్టే కంపెనీ దాకా పోతున్నది. కాగితం లేని కూలీ సమ్మె చేయలేడు, సంఘంలో చేరలేడు, పరిహారం అడగలేడు. అటువంటి కూలీలు పక్కన ఉన్నంతకాలం కాగితమున్న కూలీ సమ్మెకూ బలం లేదు. మా కడుపు కొడుతున్నారు, వాళ్ళకు కార్డులివ్వకండి అనడం కంట్రాక్టరుకు ఎంత ఇష్టమైన నినాదమో ఆలోచించండి.

పైగా ఈ కత్తి ఎవరి మెడకు ఎప్పుడు తగులుతుందో చెప్పలేం. 2020 జనవరిలో బెంగుళూరు కరియమ్మన అగ్రహారంలో కూలీల రేకుల షెడ్లను బంగ్లాదేశీయులవని చెప్పి కూలగొట్టారు. అక్కడున్నవారిలో అస్సాం, త్రిపుర మనుషులున్నారు, కరువుకు తాళలేక ఉత్తర కర్ణాటక నుంచి వచ్చినవారున్నారు. చేతుల్లో ఓటరు కార్డులూ ఆధార్ కార్డులూ పట్టుకునే నిలబడ్డారు. ఆ కూల్చివేతను తర్వాత కర్ణాటక హైకోర్టు తప్పుపట్టింది. షెడ్డు కూలిన రాత్రి హైకోర్టు తీర్పు కప్పుకుని పడుకోలేరు. బెంగుళూరులో అటువంటి షెడ్లలో మా గోరంట్ల, కదిరి, హిందూపురం వైపు జనం ఎందరున్నారో మా మధ్యాహ్నం బస్సులను చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు మనలో మనం మాట్లాడుకుందాం. కొందరు వామపక్ష మిత్రులకు ఈ కోరిక వేరే కారణాన నచ్చదు. ఆధార్ నిఘా సాధనమని మనమే వాదించాం, వేలిముద్ర పడలేదని ముసలమ్మలకు బియ్యం ఎగ్గొట్టినప్పుడు మనమే ధర్నాలు చేశాం, ఇప్పుడు దాన్నే శరణార్థికి ఇమ్మని అడగడమేమిటి అంటారు. ఈ అభ్యంతరంలో చరిత్ర ఉన్నది. 1876-78 ధాత కరువులో, మా సీమ ఇంకా బళ్ళారి జిల్లాలో ఉన్న రోజుల్లో, మదరాసు రాజధాని నుంచి కూలీలు ఓడలెక్కి దీవులకు పోతుండేవారు. మారిషస్‌లో 1867 నాటి చట్టం ప్రకారం, ఒప్పందం ముగిసిన పాత కూలీ తన ఫోటో అంటించిన టిక్కెట్టు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. లేకుండా దొరికితే దిమ్మరి అని జైలు. ఆ టిక్కెట్టు కూలీకి గుర్తింపు కాదు, చెరకుతోట దొరకు తాడు. మన కాలంలోనూ అంతే. పాకిస్తాను 2006 నుంచి ఆఫ్ఘన్ శరణార్థులకు కార్డులిచ్చి లెక్క పెట్టుకుని, 2025లో ఆ కార్డుదారులనే వెళ్ళగొట్టడం మొదలుపెట్టింది. బంగ్లాదేశు శిబిరాలలో సేకరించిన రోహింగ్యాల వివరాలు ఎవరి నుంచి పారిపోయి వచ్చారో ఆ బర్మా ప్రభుత్వానికే చేరాయని 2021లో హ్యూమన్ రైట్స్ వాచ్ బయటపెట్టింది.

ఇదంతా నిజం. అయినా దీన్నుంచి కార్డు వద్దు అనే నిర్ణయానికి రావడం, కార్డు ఉన్నవాడికి మాత్రమే సాధ్యమయ్యే విలాసం. కత్తితో గొంతు కోయవచ్చని కూర తరగడం మానేస్తామా? ఆధార్ ఇచ్చి తీరాలని నేను పట్టుబట్టడం లేదు. రాజ్యం ఒక కాగితం ఇవ్వాలి. ఇచ్చిన కాగితానికి తానే తలవంచాలి. ఇది నా ఒక్కడి కోరిక కాదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత దేశం పోగొట్టుకున్న రష్యనుల కోసం నాన్సెన్ 1922లో నానాజాతి సమితి చేత పాస్‌పోర్టులు ఇప్పించాడు. తర్వాత ఆర్మీనియనులకూ ఇచ్చారు. 1951 ఒడంబడిక 27వ అధికరణం, ప్రయాణ పత్రం లేని ఏ శరణార్థికయినా అతనున్న దేశం గుర్తింపు పత్రం ఇవ్వాలంటుంది. జర్మనీలో దరఖాస్తు తేలేవరకు ఉండనిచ్చే పత్రం ఫోటోతో ఇస్తారు.

అంతెందుకు, అమెరికా సంగతి చూడండి. ఆ దేశపు పాలకులకు కరుణ ఎక్కువని నేనంటే మీరు నవ్వుతారు. భయోత్పాతం పేరు చెప్పి 2005లో తెచ్చుకున్న రియల్ ఐడీ చట్టంలోనే, ఆశ్రయం దరఖాస్తు పెండింగులో ఉన్నవాడికి తాత్కాలిక గుర్తింపు కార్డు ఇవ్వవచ్చని రాసుకున్నారు. దరఖాస్తు పెట్టి 180 రోజులు గడిస్తే పని పర్మిటుకు అర్హత వస్తుంది. 2020లో ఆ గడువును ఏడాదికి పెంచారు. 2022లో కోర్టు ఆ పెంపు చెల్లదన్నది. 2025 జులైలో చేసిన చట్టంతో దరఖాస్తుకు 100 డాలర్లు, తేలనంతకాలం ఏటేటా ఇంకో 100, మొదటి పని పర్మిటుకు 550 డాలర్ల రుసుము పెట్టారు. శరణుకు రుసుమేమిటని తిట్టవచ్చు, తిట్టాలి. కాని అక్కడ పోరాటం పెండింగు మనిషికి ఎన్ని రోజులకు ఇవ్వాలి, ఎంతకు ఇవ్వాలి అన్నదాని మీద జరుగుతున్నది. ఇక్కడ పెండింగు మనిషి అనేవాడు ఉన్నాడని ఒప్పించడానికే పోరాడాలి.

2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్ళు వేసి సైనిక విమానంలో అమృతసరులో దించారు. పార్లమెంటు దద్దరిల్లింది, న్యాయమే. అదే సంవత్సరం మే నెలలో, ఢిల్లీలో పట్టుకున్న సుమారు 40 మంది రోహింగ్యాలను ఓడలో తీసుకువెళ్ళి బర్మా తీరం దగ్గర సముద్రంలోకి దించారని ఆరోపణ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి విచారణ ప్రకటించాడు. మన సుప్రీంకోర్టు ఆ కథనాన్ని నమ్మడానికి సందేహించింది. నిజానిజాలు తేలవలసిందే. నేను గమనించింది ఒకటే: ఫిబ్రవరిలో సంకెళ్ళకు మండిపడిన తెలుగు పత్రికలలో మేలో సముద్రం గురించి వెతుక్కోవలసి వచ్చింది.

న్యాయస్థానాల మాట కూడ చెప్పాలి. 1996లో చక్మాల కేసులో, పౌరుడైనా కాకపోయినా ఏ మనిషి ప్రాణమైనా కాపాడటం రాజ్యం విధి అన్నది సుప్రీంకోర్టు. 2021 ఏప్రిల్ 8న జమ్మూ రోహింగ్యాల కేసులో, 14, 21 అధికరణాలు మనుషులందరికీ వర్తిస్తాయంటూనే, ఇక్కడ ఉండే హక్కు పౌరులకే అన్నది. నిర్ణీత పద్ధతి పాటించి పంపివేయవచ్చన్నది. బతికే హక్కు ఉంది, ఉండే హక్కు లేదు. ఉండకుండా బతకడం ఎలాగో తీర్పులో లేదు. జస్టిస్ పి.ఎన్.భగవతి ఆధ్వర్యాన 1990లలో శరణార్థులకు ఒక నమూనా చట్టం తయారైంది. 2015లో లోక్‌సభలో శశిథరూర్ ఒక ప్రైవేటు బిల్లు పెట్టాడు. ఏదీ చట్టం కాలేదు. ఇందులో మన పార్టీల బాధ్యత కూడ తక్కువేమీ కాదు. ఎన్నికల ప్రణాళికలలో శరణార్థి చట్టం కోసం వెతికితే పేజీలు తిరగడమే మిగులుతుంది.

చట్టం వచ్చేదాకా ఉపాధ్యాయులం చేయగలిగింది ఒకటున్నది. రాజ్యాంగం 21ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ చదువు అన్నది. పౌరుల పిల్లలకు అనలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం, వయసు పత్రం లేదని ఏ పిల్లవాడినీ తిప్పి పంపరాదంటుంది. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రోహింగ్యా పిల్లల విషయంలో సుప్రీంకోర్టు, ముందు బడికే పోయి అడగండి, కాదంటే హైకోర్టుకు పొండి అన్నది. కాబట్టి బాలాపూరులోగాని, మరెక్కడగాని, పరిశీలనలో ఉన్నదనే కాగితం పట్టుకుని ఒక తల్లి బడికి వస్తే, పిల్లవాడి పేరు అడ్మిషన్ రిజిస్టరులో రాయండి. తేదీ వెయ్యండి. ఆ తేదీతో సంతకం పెట్టి ఒక నకలు తల్లి చేతికివ్వండి. కంప్యూటరు ఆధార్ అడుగుతున్నది, ఈ పేరు చెల్లదని పై నుంచి ఎవరైనా అంటే, ఏ సెక్షను కింద చెల్లదో రాసి సంతకం పెట్టి పంపమనండి.